వాటా సరే, ఏ వేళకు?

సభకు నమస్కారం.

చాలా ఏళ్ల కిందట మా ఊరి జముకుల కథ బృందం వెంట నేనూ ఒక రేడియో కేంద్రానికి వెళ్లాను. ఊళ్లో తెల్లవార్లూ సాగే కథను పావుగంటకు కుదించమన్నారు. జముకు వాయించే తాత, కుంచంలాంటి ఆ గుల్లను చంకలో ఇరికించుకుని, తోలు మధ్యనుంచి వచ్చిన నరపు తీగను బిగించి, వదిలి, మళ్లీ బిగించి శ్రుతి కుదుర్చుకునేసరికే పది నిమిషాలు గడిచాయి. రికార్డింగు బాగానే వచ్చింది. లేస్తూ ఆయన "ఎప్పుడేస్తారు బాబూ?" అని అడిగాడు. మధ్యాహ్నం రెండున్నరకు వేశారు. అవి ఊడుపుల రోజులు. ఊరు ఊరంతా మళ్లలో ఉంది.

జాతీయ రేడియోలో స్వదేశీ సంగీతానికి ప్రసార సమయంలో వాటా ఉండాలా అన్న ఈనాటి విషయంలో నా మాట ఆ తాత ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. వాటా ఉండాలి. అయితే ఏ వేళకు, ఏ పాటకు అన్నది తేల్చకుండా శాతం మాత్రమే రాసి పెడితే ఆ శాతాన్ని నింపడం నిర్వాహకులకు చిటికెలో పని.

ఇది ఇతర దేశాల అనుభవం కూడా. పక్కనే అమెరికా, ఇద్దరిదీ చాలావరకు ఒకే భాష కావడంతో తమ గాయకులకు సొంత రేడియోలోనే చోటు దొరకడం లేదని గ్రహించిన కెనడా, 1971లో ఏఎం స్టేషన్ల పాటల్లో 30 శాతం కెనడావే ఉండాలని నియమం పెట్టింది. కొందరు ఆ పాటలను శ్రోతలు లేని వేళల్లోకి నెట్టి లెక్క సరిపెట్టారు. ఆ దేశపు జంతువు పేరు మీద వాటికి 'బీవర్ అవర్' అని ఎగతాళి పేరు పడింది. తర్వాత వాటాను 35 శాతానికి పెంచడంతో పాటు, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు మధ్య కూడా అంత వాటా నిండాలన్నారు. ఫ్రాన్స్ 1994లో చేసిన చట్టంలో మొదటే జాగ్రత్తపడింది: జనం వినే వేళల్లో 40 శాతం ఫ్రెంచి పాటలు, అందులో సగం కొత్తవారివో, కొత్తగా వచ్చినవో కావాలి. అయినా స్టేషన్లు అవే పది పాటలను తిప్పి తిప్పి వేస్తూ వచ్చాయి. 2016లో దానికీ పగ్గం వేశారు; ఎక్కువగా వేసే పది పాటలు ఫ్రెంచి వాటాలో సగానికి మించితే, మించినంత మేర లెక్కలోకి రాదు.

మన సంగీతం ఏదని తేల్చడం ఇంతకంటే కష్టం. కెనడాలో స్వరం, గాయకుడు, రికార్డింగు, సాహిత్యం అనే నాలుగింటిలో రెండు తమవైతే చాలన్నారు. 1991లో కెనడా గాయకుడు బ్రయాన్ ఆడమ్స్, బయటి దేశపు భాగస్వామితో కలిసి పాటలు కట్టినందుకు, ఆ లెక్కలో కెనడావాడు కాకుండా పోయాడు. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? హార్మోనియం విదేశీ వాద్యమని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దూరం పెట్టింది. మన పల్లెల్లో హార్మోనియం లేనిదే నాటకం పద్యం లేవదు. ఏది మనదో ఢిల్లీలో కూర్చుని నిర్ణయిస్తే ఇలాగే ఉంటుంది.

బలవంతం ఎంతవరకు పనిచేస్తుందో కూడా మనకు తెలుసు. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలను ఆకాశవాణినుంచి దాదాపు తరిమేస్తే, శ్రోతలు ముల్లు తిప్పి పక్క దేశపు రేడియో సిలోను పెట్టుకున్నారు. 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టి మళ్లీ పిలుచుకోవలసి వచ్చింది. సినిమా పాట మీద నాకు కోపం లేదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా ఈ విజయనగరంలో మొదలైన సంగీత కళాశాలలో చదువుకునే కదా ఘంటసాలగారు సినిమాలకు వెళ్లింది! అయితే స్వదేశీ అంటే భారతీయం అని మాత్రమే రాసుకుంటే, మన రేడియోలన్నీ సినిమా పాటలతోనే ఆ వాటాను ఈ పూటే దాటేస్తాయి. తాతకు మళ్లీ రెండున్నరే దక్కుతుంది.

అందుకని నా సూచన చిన్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వినిపించే ప్రతి కేంద్రమూ, ఉదయం ఆరునుంచి తొమ్మిది, రాత్రి ఏడునుంచి తొమ్మిది మధ్య, గంటకు ఒక్క పాటయినా ఈ ప్రాంతపు సినిమాయేతర సంగీతం వేయాలి: జముకుల కథ, గజ్జె కట్టి తప్పెట కొడుతూ ఆడిపాడే తప్పెటగుళ్లు, సవర గిరిజనుల పాట, కళాశాల పిల్లల కచేరీ, ఏదైనా సరే. అందులో సగం కొత్తగా రికార్డు చేసినవి కావాలి, పాడినవారికి పారితోషికం అందాలి. ఏ పాట ఏ వేళకు వేశారో నెలకోసారి బయటపెట్టాలి. తప్పెటగుళ్లలో కాలి గజ్జెకు సగం పాట ఉంటుంది గనుక, దాన్ని రికార్డు చేసేటప్పుడు ఒక మైకు నేల దగ్గర పెట్టమని కూడా ఇంజనీర్లను కోరుతున్నాను.