గొర్రె మేస్తేనే నిలిచే కొండ

సమన్వయకర్త: నమస్కారం. దక్షిణ ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్‌లో, మీయాన్ నదీలోయ పక్కన ఓల్డ్ వించెస్టర్ హిల్ అనే 197 మీటర్ల సుద్దకొండ ఉంది. నెత్తిన ఇనుపయుగం నాటి మట్టికోట గట్లు, వాలు పొడవునా పొట్టి గడ్డి. ఆ కొండను గురించే నేటి చర్చ. భూగర్భ శాస్త్రవేత్త గారూ, బడిలో వాడే సుద్దా ఈ కొండా ఒకటేనా?

భూగర్భ శాస్త్రవేత్త: సుద్దముక్కలను ఇప్పుడు చాలావరకు జిప్సంతో చేస్తున్నారు కాబట్టి పేరు ఒకటే గాని పదార్థం వేరండీ. ఈ కొండ అసలైన సుద్ద. సుమారు 10 కోట్ల సంవత్సరాల నుంచి 6.6 కోట్ల సంవత్సరాల క్రితం వరకు, వెచ్చని సముద్రాల్లో బతికిన, కంటికి ఆనని నాచు జీవుల సున్నపు పెంకులు అడుగున పేరుకుని గట్టిపడిన రాయి ఇది. దీని నిండా పగుళ్లు, సన్నని రంధ్రాలు ఉండటంతో వాననీరు వాగై పారదు. లోపలికి ఇంకి, కింద లోయలో ఊటలుగా బయటపడుతుంది. వాలు మీద మన్ను చాలాచోట్ల జానెడు లోతు కూడా ఉండదు.

సమన్వయకర్త: అంత పలుచని నేలలో ఏం పెరుగుతుంది?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు: సారం లేకపోవడమే ఆ కొండ సంపదకు మూలమండీ. నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉంటే నాలుగైదు బలమైన గడ్డిజాతులు ఎదిగి మిగతావాటిని కప్పేస్తాయి. ఇక్కడ ఏదీ అంతగా ఎదగలేదు కాబట్టి అన్నింటికీ చోటు దొరుకుతుంది. మంచి సుద్దనేల పచ్చికలో ఒక్క చదరపు మీటరులోనే 40 రకాల మొక్కలు లెక్కకు రావచ్చు. నిలబడి చూస్తే ఉత్త గడ్డే, మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. సాలడ్ బర్నెట్ ఆకును వేళ్లతో నలిపితే కీరదోస వాసన వేస్తుంది. పసుపు చీమల పుట్టలు గడ్డి కప్పుకుని మెత్తని దిమ్మెల్లా ఉంటాయి, వాటి మీద థైమ్ అనే సువాసన మొక్క ఊదారంగులో పూస్తుంది.

సమన్వయకర్త: ఇదంతా ప్రకృతి తనంత తానుగా ఇచ్చినదేనా?

అధ్యాపకురాలు: కాదండీ. అక్కడి సుద్దకొండల మీద శతాబ్దాలపాటు గొర్రెలను పగలు మేపి, రాత్రికి కింది పొలాల్లో మంద కట్టేవారు. మన రైతులు కాపరికి గింజలో డబ్బో ఇచ్చి చేలో మంద కట్టించుకునేది దేనికో, అక్కడా ఉద్దేశం అదే. పొలానికి ఎరువు చేరింది, కొండ సారం రోజుకింత చొప్పున కిందికి దిగిపోయింది.

భూగర్భ శాస్త్రవేత్త: నాదొక సందేహమండీ. మేపు మానేస్తే పొదలు వస్తాయి, తర్వాత అడవి వస్తుంది. అడవి రావడం మంచిదే కదా?

అధ్యాపకురాలు: చాలాచోట్ల మంచిదే, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేను. 1953లో మిక్సోమటోసిస్ అనే వ్యాధి బ్రిటన్‌లోకి వచ్చి కుందేళ్లను దాదాపు తుడిచిపెట్టింది. గొర్రెలు అప్పటికే తగ్గిపోయి ఉన్నాయి. గడ్డి పెరిగింది. ఆ తర్వాత ఏమైందో లార్జ్ బ్లూ సీతాకోకచిలుక చెబుతుంది. దాని గొంగళిపురుగు ఒక జాతి ఎర్రచీమల గూటిలో వాటి పిల్లలను తిని బతుకుతుంది. ఆ చీమలకు ఎండ తగిలే వెచ్చని నేల కావాలి. గడ్డి రెండు మూడు సెంటీమీటర్లు పెరిగినా నేల చల్లబడి ఆ చీమలు తగ్గిపోతాయి, వాటి చోటును వేరే చీమలు ఆక్రమిస్తాయి. ఈ రహస్యం కీటక శాస్త్రవేత్త జెరెమీ థామస్ పరిశోధనతో బయటపడేసరికి ఆలస్యమైంది. 1979లో ఆ సీతాకోకచిలుక బ్రిటన్‌లో అంతరించింది. తర్వాత స్వీడన్ నుంచి తెచ్చి, మేపు సరిచేసిన వాలుల మీద మళ్లీ నిలబెట్టారు. కంచె వేసి వదిలేయడమే రక్షణ అనుకున్నచోట, ఆ కంచె వల్లే జీవి పోయింది.

సమన్వయకర్త: మరి పొదలన్నీ కొట్టేయాలంటారా?

అధ్యాపకురాలు: అన్నీ కాదు. ఓల్డ్ వించెస్టర్ హిల్ మీద జూనిపర్ పొదలున్నాయి, వాటిని కాపాడుకోవాలి. హాథార్న్, డాగ్‌వుడ్ పొదలు దట్టంగా అల్లుకుంటే మాత్రం రాలిన ఆకుతో నేల బలిసిపోతుంది, ఆ తర్వాత కొట్టేసినా పాత పచ్చిక వెంటనే రాదు. ఇప్పుడు వాహనాల పొగ నుంచి, పశువుల పెంటల నుంచి నత్రజని గాలిలో కలిసి, ఎవరూ చల్లకుండానే ఎరువై కొండ మీద పడుతోంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

భూగర్భ శాస్త్రవేత్త: అది రాయిలోకీ దిగుతుందండీ. సుద్దలో నీరు ఏడాదికి మీటరు చొప్పునే కిందికి జారే చోట్లున్నాయి. దశాబ్దాల క్రితం పొలాల మీద చల్లిన నైట్రేట్, అంటే నీటిలో కరిగే నత్రజని ఎరువు, ఇంకా దారిలోనే ఉంది.

సమన్వయకర్త: చివరిగా, కాపరి ఏడాదిలో ఏ సమయాన మంద తోలాలి?

అధ్యాపకురాలు: ఒకే తేదీ అంటూ లేదండీ. చలికాలంలో గట్టిగా మేపి, వసంతంలో హార్స్‌షూ వెచ్ మొగ్గ తొడిగేలోగా మందను దింపేయడం ఒక పద్ధతి. లాడం ఆకారపు కాయలు కాసే ఆ చిన్న పసుపు పూల మొక్కే చాక్‌హిల్ బ్లూ సీతాకోకచిలుక పిల్లకు తిండి. అయితే కొండనంతా ఒకే ఏడాది ఒకేలా మేపకూడదు. ఒక వాలు మేస్తున్నప్పుడు పక్క వాలు మీద గడ్డి కాస్త పొడవుగా ఉండనివ్వాలి. ఏ వారం దింపాలో, ఆ ఏటి వాన చూసి, గడ్డి చూసి కాపరే తేల్చుకోవాలి.