నేల కదిలాక వాన వస్తుంది

అందరికీ నమస్కారం.

ఫిలిప్పీన్స్‌లో భూకంపం అని వార్త రాగానే సాయం చేద్దామనుకునేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: బియ్యం పంపాలా, బట్టలు పంపాలా? అక్కడి పల్లెకు ముందు కావలసింది ఈ రెండూ కాదు. ముందు తలమీద కప్పు కావాలి, తరువాత నీళ్లు. ఆ కప్పుకు గడువు కూడా ఉంది. ఆ గడువు పెట్టేది వాన.

తేదీలు చూడండి. 2013 అక్టోబరు 15 ఉదయం బోహోల్ ద్వీపంలో 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. బక్రీదు సెలవు కాబట్టి బడులు మూసి ఉన్నాయి, లేకపోతే ఆ లెక్క ఎక్కడ ఆగేదో. సరిగ్గా 24 రోజులకు, నవంబరు 8న, హైయాన్ తుపాను వచ్చింది. అక్కడివాళ్లు దాన్ని యోలాండా అంటారు. తుపాను కేంద్రం బోహోల్‌కు ఉత్తరంగా వెళ్లిపోయింది. అయినా బోహోల్‌కు కరెంటు వచ్చేది లేతే ద్వీపం నుంచి. అక్కడ లైన్లు కూలడంతో ఇక్కడ కరెంటు పోయింది, మోటార్లు ఆగాయి, నీళ్లు ఆగాయి.

2025లోనూ అదే వరస. సెప్టెంబరు 30 రాత్రి పదింటి వేళ సెబూ ద్వీపం ఉత్తర కొసన, బోగో పట్టణం దగ్గర 6.9. డెబ్బై మందికి పైగా పోయారు. 35 రోజులకు, నవంబరు 4న, కల్మేగి తుపాను అదే ద్వీపం మీదుగా దాటింది. ఇళ్లు పోయి ఆరుబయట టార్పాలిన్ పట్టాల కింద ఉన్నవాళ్ల మీదికే మళ్లీ వాన. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో భూకంపం వస్తే మన చేతిలో ఉన్నది మూడు వారాలే అనుకుని లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు ఇళ్ల సంగతి. వెదురు తడికెల గోడ, నీపా అనే తాటిజాతి ఆకు కప్పు ఉన్న పాతకాలపు ఇల్లు ఊగుతుంది కానీ మనిషిని చంపడం అరుదు. తేలిక కదా. ప్రాణం తీసేది హాలో బ్లాకు, అంటే లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుక ఇల్లు. పల్లెలో డబ్బు చేతికొచ్చినప్పుడల్లా రెండు వరసలు లేపుతారు. బయటి గోడకు కూడా నాలుగంగుళాల బ్లాకే వాడతారు. ఊళ్లోనే చేత్తో పోసిన బ్లాకులో సిమెంటు తక్కువ, ఇసుక ఎక్కువ. నడుము ఎత్తు నుంచి వదిలితే పగిలిపోయేవి ఉంటాయి. బ్లాకు బోలులో చువ్వ నిలబెడతారు గానీ మాలు నింపరు. నింపకపోతే ఆ చువ్వ ఉన్నా లేనట్టే, గోడతో కలిసి పనిచేయదు.

ఫిలిప్పీన్స్ భూకంప సంస్థ ఫివోల్క్స్, జపాన్ సాయంతో, ఇంటివాళ్లే తమ ఇల్లు చూసుకోవడానికి 12 ప్రశ్నల పత్రం తయారు చేసింది. అందులో పనికొచ్చే కొలతలు ఇవి: బయటి గోడ ఆరంగుళాల బ్లాకుతో ఉండాలి, 10 ఎం.ఎం. చువ్వ ఉండాలి, అడ్డ చువ్వ మూడు వరసలకు ఒకటి పడాలి, పిల్లరు గానీ అడ్డగోడ గానీ ఆసరా లేకుండా గోడ మూడు మీటర్లు దాటకూడదు. కప్పు కింద ఉండే ముక్కోణపు గోడ గురించి విడిగా అడుగుతుంది ఆ పత్రం. ఎందుకంటే దానికి పైన బీము ఉండదు, పక్కన ఆసరా ఉండదు. బయటికి పరిగెత్తేవాళ్ల మీద పడేది చాలాసార్లు ఆ గోడే.

భూకంపం తరువాత ఇంజనీర్లు వచ్చి, కట్టడం ఎంత భద్రమో చెప్పే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చీటీలు అంటిస్తారు. ముందు బడులు, ఆసుపత్రులు, ఆఫీసులు చూస్తారు. కొండమీద గూడేనికి ఆ చీటీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అందాకా ఊరివాళ్లకు చెప్పవలసిన గుర్తులు రెండు మూడే. ప్లాస్టరింగులో వెంట్రుకవాసి బీటలు సరే. పిల్లరులో ఏటవాలు బీట గానీ, చువ్వ బయటపడటం గానీ, గోడలో గుణకారం గుర్తులాంటి పగులు గానీ ఉంటే సామాను కోసం కూడా లోపలికి వెళ్లకూడదు. వెనక వచ్చే చిన్న ప్రకంపనలు చాలు అది కూలడానికి. ఇల్లు నిలబడినవాళ్లు కూడా వారాల తరబడి రోడ్డు పక్కన పడుకునేది ఈ భయంతోనే. వాళ్లనూ లెక్కలో వేసుకోవాలి, ‘ఇల్లు ఉంది కదా’ అని జాబితా నుంచి కొట్టేయకూడదు. ఊరి కవర్డ్ కోర్టు, అదే బాస్కెట్‌బాల్ ఆడే రేకుల షెడ్డు, ఎప్పుడూ పునరావాస కేంద్రంగా మారుతుంది. 2025లో శాన్ రెమీజియోలో ఆట జరుగుతుండగా క్రీడా ప్రాంగణమే కూలింది. అందుకని ఏ పెద్ద కప్పు కిందికైనా జనాన్ని తరలించే ముందు దాన్ని చూపించుకోవాలి.

మరి కప్పు ఎలా? గుడారాల మీద మాకు పెద్ద మోజు లేదు. మధ్యాహ్నం లోపల ఉడికిపోతుంది, గాలికి చిరిగితే ఇంకెందుకూ పనికిరాదు. టార్పాలిన్ పట్టా అయితే రేపు కొత్త కప్పు కింద కూడా వాడుకుంటారు. రెడ్‌క్రాస్ షెల్టర్ కిట్‌లో ఉండేవి 4 మీటర్లు × 6 మీటర్ల పట్టాలు రెండు, తాడు, రంపం, సుత్తి, పార, గొడ్డలికత్తి, రేకు కత్తెర, మేకులు, బైండింగ్ వైరు. రెండు పట్టాలు ఎందుకంటారా? మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు అంతర్జాతీయ కనీస ప్రమాణం. ఐదుగురికి 17.5. ఒక పట్టాను మధ్య దూలం మీద రెండు వాలుగా, 30 డిగ్రీల వాలుతో వేస్తే కింద సుమారు 20 చదరపు మీటర్లు వస్తాయి. కానీ గోడలుండవు, జల్లు లోపలికి కొడుతుంది. రెండోది పక్కలకు.

కట్టడంలో తప్పులు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. పట్టా అంచు కన్నాలకే తాడు కడతారు, మొదటి గాలికే కన్నం చీలుతుంది. అంచును వెదురు బొంగుకు రెండు చుట్లు చుట్టి, ఆ బొంగును కట్టాలి. మధ్యలో కట్టవలసి వస్తే గుండ్రటి రాయిని పట్టాతో మూటగట్టి ఆ మెడకు తాడు వేయాలి. వాలు తక్కువైతే నీళ్లు గుంటగా నిలిచి ఆ బరువుకు కూలుతుంది. చుట్టూ కాలువ తవ్వకుండా పడుకుంటే రాత్రికి చాప తడుస్తుంది. ఇక కూలిన ఇంటి రేకులను చెత్తలో పోనివ్వకూడదు. వంగినవాటిని సాపు చేసి, పాత కన్నాలు తప్పించి, కొబ్బరి దుంగల కోతచెక్క మీద మళ్లీ కొట్టుకోవచ్చు. అందుకే కిట్‌లో మేకులు ఎక్కువ వేయమంటాం. కావలసిన మిగతా సరుకంతా ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది, లేనివి మేకులే.

నీళ్లకు వస్తే, అక్కడి పల్లె నీళ్లు మూడు రకాలు: బావి లేక ఊట, వీధి కుళాయి, ఇంటి కుళాయి. కొండ ఊళ్లలో ఎక్కువ భాగం ఊట నీళ్లే, గొట్టంలో వాటంతట అవే దిగుతాయి. భూకంపానికి ఊట దగ్గరి తొట్టి పగులుతుంది, గొట్టం అతుకుల దగ్గర ఊడుతుంది, ఒక్కోసారి ఊటే చోటు మారుతుంది. బావి నీళ్లు బురదగా మారతాయి. మొదటి పని ట్యాంకర్లు కాదు, ఊట దాకా గొట్టం వెంట నడిచి ఎక్కడ ఊడిందో చూడటం. నాలుగు కప్లింగులు, ఒక గొట్టం ముక్కతో సరిపోయే పనికి నెలపాటు సీసా నీళ్లు మోసిన సందర్భాలు ఉంటాయి.

ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 15 లీటర్లు. ఐదుగురికి 75. అంటే లీటరు సీసాలతో తీరేది కాదు, వాటిని మొదటి రెండు రోజులకే ఉంచాలి. వంద కుటుంబాలకు 7,500 లీటర్లు, 10,000 లీటర్ల ట్యాంకరు రోజుకు ఒకసారి వస్తే చాలు. కానీ ఇళ్లలో పట్టి ఉంచడానికి క్యాన్లు లేకపోతే ట్యాంకరు సగం నిండుగానే వెనక్కి పోతుంది. క్లోరిన్ మాత్రల్లో 67 మిల్లీగ్రాములది 20 లీటర్ల తేటనీళ్లకు ఒకటి, తరువాత అరగంట ఆగాలి. బురద నీళ్లయితే ముందు బట్టతో వడకట్టి, రెండు మాత్రలు.

మరుగుదొడ్డి 20 మందికి ఒకటి, మొదట్లో 50 మందికి ఒకటైనా సరే. గొయ్యికీ బావికీ మధ్య 30 మీటర్లు ఉండాలంటారు. బోహోల్‌లోనూ, సెబూ ఉత్తరాన కూడా నేల సున్నపురాయి. పగుళ్ల గుండా మురికి ఎంత దూరమైనా పోతుంది. అక్కడ ఈ 30 మీటర్లను నమ్ముకుని క్లోరిన్ ఆపకూడదు.

తిండి విషయంలో ప్రభుత్వ వ్యవస్థ బాగానే నడుస్తుంది. సంక్షేమ శాఖ పంచే పెట్టెలో 6 కిలోల బియ్యం, డబ్బా చేపలు, మాంసం, కాఫీ పొడి ఉంటాయి. మనిషికి 400 గ్రాముల చొప్పున ఐదుగురికి ఆ బియ్యం మూడు రోజులు. మనం మళ్లీ బియ్యం మోసుకుపోవడం కన్నా, దుకాణాలు తెరిచిన చోట నగదు ఇవ్వడం మేలు. పాలపొడి డబ్బాలు మాత్రం పంపకండి. 1986 నాటి మిల్క్ కోడ్ తల్లిపాలను కాపాడే చట్టం, విపత్తులో పోతపాల విరాళాలను అక్కడి ఆరోగ్య శాఖ ఒప్పుకోదు. నీళ్లే శుభ్రంగా లేని చోట పోతపాలు పసిబిడ్డకు విరేచనాలు తెస్తాయి. వాడిన బట్టలూ అంతే, విడదీసి సర్దడానికే పది మంది కావాలి.

పంపిణీలో పెద్ద పొరపాటు రోడ్డు పక్కే జరుగుతుంది. లారీ హైవే మీద ఆగుతుంది, అట్టముక్కల మీద ‘నీళ్లు, అన్నం’ అని రాసుకుని నిలబడ్డవాళ్లకు అందుతుంది. కొండచరియ పడి దారి మూసుకుపోయిన సీతియోకు, అంటే బరాంగే (మన పంచాయతీలాంటిది) శివారు పల్లెకు, ఏమీ చేరదు. ముందు మున్సిపల్ విపత్తు కార్యాలయానికి, తరువాత బరాంగే కెప్టెన్, అంటే అక్కడి సర్పంచి దగ్గరికి వెళ్లి, కుటుంబాల జాబితాను పూరోక్ వారీగా, అంటే మన వార్డులాంటి భాగాల వారీగా తీసుకోవాలి. ఆ జాబితాను నమ్మి ఊరుకోకూడదు కూడా. ఒకే కప్పు కింద రెండు కుటుంబాలు ఉంటాయి, అద్దెవాళ్ల పేర్లు ఉండవు, కెప్టెన్‌తో పడనివాళ్ల పేర్లు ఒక్కోసారి జారిపోతాయి. జాబితాను గోడకు అంటించి ఒక రోజు ఆగితే చాలావరకు అవే బయటపడతాయి.

ఇవన్నీ ఇల్లు పోయినా నేల మిగిలినవాళ్ల సంగతి. 2019 అక్టోబరు 16, 29, 31 తేదీల్లో దక్షిణాన మిండనావో ద్వీపంలోని కోతబాతో ప్రాంతంలో వరసగా మూడు భూకంపాలు వచ్చాయి. అపో పర్వతం వాలుల్లో మకిలాలా పల్లెల పక్కన కొండచరియలు విరిగిపడ్డాయి. ఇక్కడ మళ్లీ ఇల్లు కట్టొద్దని ప్రభుత్వ భూగర్భ నిపుణులు కొన్ని చోట్ల గీత గీశారు. అలాంటి చోట సుత్తి, మేకులు ఇచ్చి లాభం లేదు, ఇంటి స్థలం కావాలి. స్థలం తేలేదాకా నెలల తరబడి గుడారాలే గతి. గుడారాలు నచ్చవన్నాం గానీ వాటికి చోటు ఇక్కడే. పైగా కింద రోడ్డు దగ్గర స్థలం ఇస్తే, పొలం పైన వాలు మీదే ఉంటుంది. రోజూ ఎక్కి దిగాలి. స్థలం ఎంచేటప్పుడు ఆ నడక ఎన్ని గంటలో కొలవని పథకాలు ఖాళీ ఇళ్లతో మిగిలిపోతాయి.

మిండనావో అనగానే మనకు దవావో గుర్తొస్తుంది. మన రెండు రాష్ట్రాల నుంచి వైద్య విద్యకు వెళ్లిన పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. 2025 అక్టోబరు 10న దవావో ఓరియెంటల్ తీరంలో 7.4 వచ్చినప్పుడు ఇక్కడి ఇళ్లలో ఫోన్లు మోగాయి. ఆ ప్రాంతంలోనూ, సెబూ, బోహోల్‌లోనూ ఎక్కువమంది మాట్లాడేది సెబువానో, టగాలోగ్ కాదు. ఉత్తరాన లుజోన్ ద్వీపంలోని అబ్రా వైపు అయితే ఇలొకానో. క్లోరిన్ మాత్ర వాడే కాగితం ఏ భాషలో అచ్చు వేయాలో ముందే తేల్చుకోండి. డబ్బు పంపే ముందు అక్కడి సంస్థను అడగండి: ఏ బరాంగే, ఎన్ని పట్టాలు, ఎన్ని కిలోల మేకులు, ఏ తేదీలోగా.