రొమ్ము క్యాన్సర్ ఎముకలకి ఎందుకు పాకుతుంది? దారి చూపించే ప్రోటీన్లు

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ హైదరాబాద్‌లో ఏ క్యాన్సర్ హాస్పిటల్ బయట కూర్చున్నా ఒక మాట వినపడుతుంది, "కత్తి పెట్టించారు, అందుకే ఎముకలకి పాకింది" అని. ఆ భయంతో బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష కూడా చేయించుకోకుండా నెలలు గడిపేసేవాళ్లు ఉన్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే అసలు క్యాన్సర్ కణానికి దారి చూపించేది ఏంటో ఈ వీడియోలో చెప్తాను.

[స్క్రీన్ మీద: పాకుతున్న తెల్ల రక్తకణం]

ముందు తెల్ల రక్తకణం సంగతి చూద్దాం. కాలికి ముల్లు గుచ్చుకుందనుకోండి, అక్కడి కణాలు కీమోకైన్లు అనే చిన్న ప్రోటీన్లు వదుల్తాయి, గాయం దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఎటో తెలియకపోయినా వాసన పెరిగే వైపు నడిస్తే చేరిపోతాం కదా, న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం కూడా అంతే. దాని పైన రిసెప్టర్లు, అంటే కీమోకైన్‌ని పట్టుకునే ప్రోటీన్లు ఉంటాయి, ఏ వైపు కీమోకైన్ ఎక్కువ తగిలితే లోపల ఆ వైపు పీఐ3కే, ర్యాక్ అనే ప్రోటీన్లు ఆన్ అవుతాయి, ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరిగి ముందు అంచుని తోస్తాయి, వెనకాల రో అనే ప్రోటీన్ మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ చేత తోకని లాగిస్తుంది. ఇలా నిమిషానికి దాదాపు 10 మైక్రాన్లు పాకుతుంది, అంటే ఇంచుమించు తన ఒంటి పొడవంత!

ఇప్పుడు క్యాన్సర్‌కి వద్దాం. 1889లో స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లండ్ డాక్టర్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చూసి, రక్తం అన్నిచోట్లకీ వెళ్తున్నా గడ్డలు కొన్ని అవయవాల్లోనే ఎందుకు వస్తున్నాయని అడిగారు, విత్తనం లాంటి క్యాన్సర్ కణానికి తగ్గ నేల లాంటి అవయవం ఉండాలన్నారు. ఆ నేలలో ఏముందో తెలియడానికి వందేళ్లు దాటింది. 2001లో పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 అనే రిసెప్టర్ బాగా ఎక్కువగా ఉందని చూపించారు, అది మామూలుగా ఇమ్యూన్ కణాలు వాడుకునేదే. దానికి అతుక్కునే కీమోకైన్ పేరు సీఎక్స్‌సీఎల్12, అది ఎముక మజ్జ, ఊపిరితిత్తులు, కాలేయం, లింఫ్ గ్రంథుల్లో ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా చేరేది కూడా సరిగ్గా అక్కడికే. ఎలుకల్లో ఆ రిసెప్టర్‌ని అడ్డుకుంటే పాకడం బాగా తగ్గింది.

అంటే ఎముక దారి చూపించింది కత్తి కాదండి. కొందరిలో ఆపరేషన్‌కి ముందే కణాలు బయటికి వెళ్లిపోయి ఉంటాయి, స్కాన్‌కి దొరకనంత చిన్నగా.

[స్క్రీన్ మీద: గడ్డ, దాని చుట్టూ మాక్రోఫేజ్‌లు]

ఇంకా ఘోరం ఏంటంటే గడ్డ సీసీఎల్2 అనే కీమోకైన్ వదిలి మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలని తన దగ్గరికి పిలుచుకుంటుంది, అవి మాక్రోఫేజ్‌లు అనే పెద్ద ఇమ్యూన్ కణాలుగా మారి క్యాన్సర్ కణాలకి ఈజీఎఫ్ అనే ఎదుగుదల ప్రోటీన్ అందిస్తాయి, మనల్ని కాపాడాల్సిన కణాలే రక్తనాళం దాకా తోడెళ్తాయి.

మరి సీఎక్స్‌సీఆర్4ని మూసే మందు లేదా అంటే, ఉంది. ప్లెరిక్సాఫోర్. అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది, కానీ వాడేది మైలోమా, లింఫోమా అనే రక్త క్యాన్సర్ల పేషెంట్లలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలని మజ్జ నుంచి రక్తంలోకి రప్పించి సేకరించడానికి. క్యాన్సర్ పాకకుండా ఆపే రొటీన్ మందుగా ఇంకా రాలేదు, ఆ రిసెప్టర్ మన ఇమ్యూన్ కణాలకీ కావాలి కాబట్టి ఎంతకాలం మూసి ఉంచొచ్చు అనేది తేలిక ప్రశ్న కాదు.