కొత్త మందుకు సరే అనే ముందు
(మహబూబ్‌నగర్‌లో ఫార్మసీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో కొందరు రేపు జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోని మందుల కంపెనీల్లో చేరతారు. కొత్త మందు జనంలోకి రావాలా వద్దా అన్నది ఎట్లా తేలుస్తారో ఒక్క మందు కథతో చెప్తాను. దాని పేరు బెడాక్విలిన్. మొండి టీబీకి ఇచ్చే బిళ్ల.

ముందు ఒక మనిషి సంగతి. మక్తల్ వైపు ఆయన. బొంబాయికి వలస పోయి దగ్గుతో తిరిగొచ్చాడు. మామూలు టీబీ మందులకు లొంగలేదు. అప్పట్లో అలాంటివాళ్లకు దాదాపు రెండేళ్ల వైద్యం, అందులో నెలల తరబడి కనామైసిన్ సూది. టీబీ తగ్గింది. కానీ ఆ సూదితో చెవులు పోయాయి. ఆయన బిడ్డ ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ మాట్లాడేది. "బతికినా గదా సారూ" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుండేది.

ఇప్పుడు బెడాక్విలిన్‌ను రోగుల మీద పరీక్షించిన సంగతి చూడండి. ఇటు 79 మంది, అటు 81 మంది. రెండు వైపులా పాత మందులే, 79 మంది ఉన్న వైపు మాత్రం ఈ బిళ్ల అదనం. 120 వారాలకు చూస్తే బిళ్ల వేసుకున్నవాళ్లలో నూటికి 58 మందికి నయమైంది, మిగతావాళ్లలో 32 మందికే. కానీ బిళ్ల వైపు 10 మంది చనిపోయారు, రెండో వైపు ఇద్దరే. ఆ చావులు చాలావరకు మందు ఆపేశాక జరిగినవి, అన్నిటికీ ఒకే కారణం దొరకలేదు. పైగా గుండె లయ తప్పే భయం ఉంది. ఈ కాగితాలు మీ ముందుంటే సంతకం పెడతారా?

2012 డిసెంబర్‌లో, అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంతకం పెట్టింది. వేరే దారి లేనివాళ్లకే ఇవ్వాలంది, మందు సమాచార పత్రంలో గడి కట్టి గట్టి హెచ్చరిక వేయించింది, ఇంకా పెద్ద పరీక్ష చేయమంది. అది సరైన నిర్ణయమనే నేనంటాను. తలనొప్పి మందుకు ఇవే అంకెలు వస్తే చెత్తబుట్టలో వేయాలి. ఇక్కడ తక్కెడలో రెండో పక్క ఉన్నది చెవుడు, లేదా చావు.

మన దేశంలో 2016లో ఆరు ఆస్పత్రుల్లోనే మొదలుపెట్టారు. పట్నా నుంచి వచ్చిన 18 ఏళ్ల అమ్మాయి ఈ బిళ్ల కోసం ఢిల్లీ హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. 2017లో మందు దొరికింది. మరుసటి ఏడాది ఆమె చనిపోయింది. మందు వేసుకున్నాక పోయిన ప్రాణం రికార్డుకెక్కుతుంది, మందు అందక పోయినది ఎవరి లెక్కలోనూ పడదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే.

తర్వాత దక్షిణాఫ్రికాలో వేలమంది రోగుల రికార్డులు చూస్తే, ఈ బిళ్ల వేసుకున్నవాళ్లలో చావులు తక్కువని తేలింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ముందు వరసకు తెచ్చి, కనామైసిన్‌ను వద్దంది.

ఇక పరీక్షలో చేరేవాళ్ల దగ్గర తీసుకునే ఒప్పుకోలు పత్రం. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని మన నిబంధనల్లోనే ఉంది. రేపు అది రాసే పని మీకొస్తే "ప్రతికూల ప్రభావాలు" అని రాసి వదిలేయకండి. "గుండె దడ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, వద్దంటే వేరే వైద్యం చేస్తాం" అని రాయండి. చదివి వినిపించి, ఏం అర్థమైందో ఆయన మాటల్లోనే చెప్పమనండి.

మక్తల్ ఆయనను నేనొకసారి కాగితం మీద రాసి అడిగాను, సూది మొదలుపెట్టిన రోజు చెవుల సంగతి చెప్పారా అని. బిడ్డ చదివి, పెదాలు కదిలిస్తూ ఆయనకు చెప్పింది. లేదని తల ఊపాడు.