స్టీరింగ్ ఎటు ఆడుతోంది?

శ్రోతలకు నమస్కారం.

కొత్త కారు కొన్నవాళ్లకు ఒక మొహమాటం ఉంటుంది. పాత బండిలో చిన్న చప్పుడు వచ్చినా మెకానిక్ దగ్గరికి పరిగెత్తే మనిషి, కొత్త బండిలో ఏదైనా తేడాగా అనిపిస్తే మాత్రం "కొత్తది కదా, ఇలాగే ఉంటుందేమో" అని సర్దుకుపోతాడు. లక్షలు పోసి కొన్నాం, దుర్గమ్మ దగ్గర పూజ చేయించాం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయనే లేదు. అలాంటి బండిలో లోపం ఉందంటే మనసు ఒప్పుకోదు. ఏసీ చల్లగా రావడం లేదనో, డోరు కిర్రుమంటోందనో అయితే నాలుగు రోజులు సర్దుకుంటే సర్దుకోండి. స్టీరింగ్ ఆడుతుంటే మాత్రం ఒక్కరోజు కూడా సర్దుకోవద్దు. ఈ పూట మీకు చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా ఒక అనుమానం తీర్చేస్తాను. స్టీరింగ్ తేలిగ్గా తిరగడం వేరు, లూజుగా ఉండడం వేరు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. అందులో ఒక మోటారు మన చేతికి సాయం చేస్తుంది. బండి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఎక్కువ సాయం, వేగం అందుకున్నాక తక్కువ సాయం. అందుకే పార్కింగులో ఒంటి చేత్తో తిరిగే స్టీరింగ్, హైవే ఎక్కాక కాస్త బరువుగా ఉంటుంది. ఇరవై ఏళ్లు పాత బండి నడిపి కొత్తది కొన్నవాళ్లు ఇది చూసి కంగారు పడుతుంటారు. అది లోపం కాదు. తేలిగ్గా తిరిగినా ఫరవాలేదు. ఆడకూడదు.

మరి ఆడుతోందంటే ఎటు ఆడుతోంది? ఈ ప్రశ్న నాకు బాగా పట్టుకున్నది మా తోడల్లుడి కారు దగ్గర. ఆ సంగతి కాస్త వివరంగా చెబుతాను.

మా తోడల్లుడిది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. రోజూ కాజ టోల్‌గేటు దాటి, వారధి మీదుగా రాకపోకలు. కారు కొన్న కొద్ది నెలలకే అతనికి ఒక సంగతి తెలిసింది. సీట్లో కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని కాస్త ముందుకు జరగబోతే చక్రం రవ్వంత తనవైపు వచ్చింది. టక్కుమని చిన్న చప్పుడు. మళ్లీ లాగితే మళ్లీ టక్కు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా అదే చప్పుడు. తిన్నగా వెళ్తున్నంతసేపూ ఏమీ లేదు, బండి ఎటూ లాగడం లేదు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. ఏది అన్నది ఇక్కడ అవసరం లేదు. "స్టీరింగ్ అదోలా ఉందండీ" అని చెప్పాడు. అడ్వైజర్ ఒక చుట్టు తిప్పుకొచ్చి, "మన రోడ్లు అలాంటివి సార్" అన్నాడు. వీల్ అలైన్‌మెంట్ చేశారు, బ్యాలెన్సింగ్ చేశారు, బండి తళతళలాడేలా కడిగి ఇచ్చారు. టక్కు మాత్రం పోలేదు. జాబ్ కార్డు, అంటే బండిలో చూడాల్సిన పని రాసుకునే కాగితం, నాకు చూపించాడు. కంప్లయింటు అన్నచోట రాసి ఉన్న మాట ఒక్కటే: వైబ్రేషన్. ఇతను చెప్పింది అది కాదు. కాని ఏం చెప్పాలో ఇతనికీ సరిగ్గా తెలియలేదు. రాసినదానికి లోపల పనివాళ్లు చేయాల్సింది చేశారు. రాసిందే తప్పు.

"అన్నయ్యా, ఆటోనగర్‌లో మీకు తెలిసినవాళ్లున్నారుగా" అని ఫోన్ చేశాడు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఆటోనగర్ నాకు రెండో స్టాఫ్ రూమ్ లాంటిది. అక్కడ నేను గౌరవించే మేస్త్రి ఒకాయన ఉన్నారు, అందరూ బాబాయ్ అంటారు. ఆయన బండి చూసి బానెట్ ఎత్తలేదు, స్పానర్ అడగలేదు. అడిగింది ఒక్కటే: "ఎటు ఆడుతోంది?"

మా తోడల్లుడు తెల్లమొహం వేశాడు. అప్పుడు ఆయనే సీట్లో కూర్చున్నారు. మొదట స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి, ఎత్తు సర్దుకునే టిల్ట్ లీవర్ ఉంటుంది చూడండి, దాన్ని ఒకసారి వదిలి మళ్లీ గట్టిగా లాక్ చేశారు. ఆ లీవర్ పూర్తిగా పడకపోయినా స్టీరింగ్ ఊగుతుంది. చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది. ఇక్కడ తేలలేదు.

తర్వాత చక్రాన్ని అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని ఛాతీవైపు లాగారు, ముందుకు తోశారు, పైకీ కిందికీ కదిపారు. పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి, చక్రానికీ దాని వెనకున్న ప్లాస్టిక్ తొడుగుకీ మధ్య సందులో వేలు పెట్టమన్నారు. "తొడుగు కదులుతోందా?" "లేదు బాబాయ్, చక్రమే కదులుతోంది." తొడుగుతో సహా మొత్తం కదిలితే కాలమ్, అంటే చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ, బిగింపులో తేడా. తొడుగు కదలకుండా చక్రం ఒక్కటే కదిలితే, చక్రాన్ని కాలమ్‌కి పట్టి ఉంచే మధ్య బోల్టులో తేడా.

ఆఖరుగా ఇంజన్ స్టార్ట్ చేసి, ముందు చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ కొద్దికొద్దిగా తిప్పారు. కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని ముందు టైరు చూశాడు. స్టీరింగ్ కదిలిన వెంటనే టైరు కదిలింది. చేతిలో స్టీరింగ్ తిరుగుతూ టైరు కదలకపోతే దాన్ని ప్లే అంటారు. అప్పుడు స్టీరింగ్ తిప్పుడుని టైర్లకు అందించే కింది భాగాలు, అంటే జాయింట్లు, ర్యాక్, టై రాడ్ ఎండ్లు చూడాలి. "కింద ఏమీ లేదు. పైన బోల్టే" అని దిగిపోయారు.

"అయితే బిగించెయ్ బాబాయ్" అన్నాడు మా తోడల్లుడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఎయిర్‌బ్యాగ్ ఉంది బాబూ. నేను ముట్టను, నువ్వూ ముట్టకు. బండి నడుపుకుంటూ వెళ్లకు కూడా. వాళ్లకే ఫోన్ చేసి బండి ఎక్కించుకుపొమ్మను" అన్నారు. నలభై ఏళ్లుగా స్పానర్ పట్టిన మనిషి అలా అన్నాడంటే, ఆ మాటకి నేను చాలా విలువ ఇస్తాను. అంతకంటే మంచి మెకానిక్ ఎవరుంటారు చెప్పండి.

పాత అంబాసిడర్, పాత మారుతి రోజుల్లో ఈ పని సులువే. హారన్ మూత ఊడబెరికితే కింద నట్టు కనిపించేది, ఒక్క పట్టు పడితే అయిపోయేది. 2019 జులై 1 నుంచి మన దేశంలో ప్రతి కొత్త కారుకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది ఉండేది ఆ హారన్ మూత కిందే. రెప్పపాటులో గ్యాస్ నింపే మందు దానిలో ఉంటుంది. దాని వెనక చుట్టగా చుట్టిన పల్చటి కరెంటు రిబ్బన్ ఉంటుంది. బ్యాటరీ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, వరస ప్రకారం విప్పాల్సిన పని అది. తెలియని చెయ్యి పెడితే బ్యాగ్ మొహం మీదే పేలవచ్చు. రిబ్బన్ తెగితే అసలు అవసరమైన రోజున బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. రోడ్డు పక్క ఎవరైనా "ఐదు నిమిషాల పని సార్" అన్నా ఒప్పుకోకండి.

సర్వీస్ సెంటర్ వాళ్లు రికవరీ వ్యాన్ పంపించారు. ఈసారి జాబ్ కార్డు మీద మా తోడల్లుడు పక్కనే నిలబడి రాయించాడు: "స్టీరింగ్ చక్రం ముందుకూ వెనక్కూ కదులుతోంది, తొడుగు కదలడం లేదు, టిల్ట్ లీవర్ లాక్ అయి ఉంది." ఆ ముక్క చదివాక ఎవరూ అలైన్‌మెంట్ జోలికి పోలేదు. విప్పి చూస్తే మధ్య బోల్టు పెద్ద బలం అక్కర్లేకుండానే తిరిగి వచ్చేసింది. చక్రం ఊడి రాకుండా అన్నాళ్లూ పట్టుకున్నవి లోపలి పళ్లే. కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచ్‌తో కొలత ప్రకారం బిగించి, గుర్తుగా రంగు గీత గీశారు. వారంటీలోనే, పైసా ఖర్చు లేకుండా.

ఇలాంటిది పెద్ద కంపెనీల బండ్లలో ఉంటుందా అంటారేమో. ఉంటుంది. ఉత్తర అమెరికాలో 2018లో ఫోర్డ్ కంపెనీ దాదాపు 14 లక్షల కార్లను రీకాల్ చేసింది, అంటే సరిచేయడానికి వెనక్కి పిలిచింది, సరిగ్గా ఈ బోల్టు వదులయ్యే ప్రమాదం ఉందనే. మరింత పొడవైన బోల్టులు వేసి ఇచ్చింది. 2023లో టెస్లా కొత్త కార్లలో రెండింటికి నడుస్తుండగా స్టీరింగ్ ఊడివచ్చిందన్న ఫిర్యాదుల మీద అమెరికా ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. మన దగ్గర మారుతి సుజుకి 2023 జులైలో 87,599 ఎస్‌ప్రెస్సో, ఈకో బండ్లను టై రాడ్ భాగంలో లోపం ఉండొచ్చని పిలిచింది. 2024 ఆగస్టులో 2,555 ఆల్టో కే10 కార్లను స్టీరింగ్ గేర్‌బాక్స్‌లో లోపం ఉండొచ్చని పిలిచింది, ఆ భాగం మార్చేదాకా బండి నడపవద్దని చెప్పింది. అలా బండ్లను వెనక్కి పిలిచిన కంపెనీలను నేను తప్పుపట్టను. చెప్పి మార్చడమే మర్యాద.

మీ బండి అలాంటి జాబితాలో ఉందేమో చూసుకోవడం సులువు. ఆర్‌సీ మీద 17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబరు ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ అన్నచోట ఆ నంబరు కొట్టండి, లేదా షోరూమ్‌కి ఫోన్ చేసి చదవండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ ప్రకారం, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన అని ఒకటుంది. స్టీరింగ్ ప్లే 30 డిగ్రీలు దాటకూడదని అందులో ఉంది. అంటే గడియారంలో పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య ఉన్నంత. అది ఆఖరి హద్దు. నా లెక్కలో కొత్త కారులో అందులో సగం ఉన్నా బండి ఆపేయాల్సిందే.

నడుస్తుండగా తేడా తెలిస్తే ఏం చేయాలి? హైవే మీద ఉంటే కంగారుగా తిప్పకండి. యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి. హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా బ్రేకు నొక్కుతూ ఎడమ పక్కకి చేరండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం చెవి మాత్రం బయటికి లాగకండి. చెవి లాగితే స్టీరింగ్ లాక్ పడిపోతుంది. ఆగాక, పిల్లల్ని రోడ్డు వైపు దింపకుండా అవతలి వైపు దింపండి. కొత్త కార్లకు చాలావాటికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటుంది, ఆ నంబరు ఫోన్‌లో ఇవాళే వేసుకోండి.

సర్వీస్ సెంటర్‌లో మాత్రం "స్టీరింగ్ లూజు" అని ఊరుకోకండి. ఎటు ఆడుతోంది? మీ వైపుకా, పైకీ కిందికా, ఎడమా కుడికా? తొడుగు కూడా కదులుతోందా? టైరు ఆలస్యంగా తిరుగుతోందా? మీ మాటల్లోనే జాబ్ కార్డు మీద రాయించండి. అడ్వైజర్ తన పద్ధతిలో ఒక్క ముక్కలో రాసుకుంటానంటే ఒప్పుకోకండి, మర్యాదగానే, కాని ఒప్పుకోకండి. కుదిరితే అతన్నే సీట్లో కూర్చోబెట్టి లాగించి చూపించండి. కాపీ తీసుకున్నాకే తాళాలివ్వండి. రెండుసార్లు వెళ్లినా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అప్పుడు మీ చేతిలో ఆ కాపీలు ఉండాలి.

ఉంటాను, నమస్కారం.