షవర్‌లో వేడి నిలవడం లేదా? థర్మోస్టాటిక్ మిక్సర్ కొనేముందు ఇది చూడండి

నమస్కారం అండీ. ఇంట్లో కాంబి బాయిలర్ (గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకీ, కుళాయిలకీ నీళ్ళు కాచే గ్యాస్ బాయిలర్) ఉంది. షవర్‌లో నీళ్ళు కాసేపు ఒళ్ళు కాలేలా, కాసేపు వణికించేలా వస్తున్నాయి. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే కొనేది థర్మోస్టాటిక్ మిక్సర్. ఇవాళ రివ్యూ దాని గురించే.

వస్తువుగా చూస్తే నాకు చాలా నచ్చింది. లోపల కార్ట్రిడ్జ్ అనే, తీసి మార్చగల భాగంలో మైనం ఉంటుంది. వేడికి అది వ్యాకోచిస్తుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. దాన్ని బట్టి వేడినీళ్ళు, చన్నీళ్ళు ఎంతెంత కలవాలో మిక్సరే సర్దుకుంటుంది. మీరు స్నానం చేస్తుండగా ఎవరో వంటింట్లో చన్నీళ్ళ కుళాయి తిప్పినా ఒంటి మీద పడే నీళ్ళ వేడి పెద్దగా మారదు. చాలా మోడల్స్‌లో 38 డిగ్రీల దగ్గర ఆపే బటన్ కూడా ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు.

అయితే బాయిలర్ నుంచి వచ్చే వేడినీళ్ళే నిలకడగా లేకపోతే ఏ మిక్సరూ ఏమీ చేయలేదు. అందుకే కొనేముందు ఒక టెస్ట్ చేయండి. వంటింట్లో వేడినీళ్ళ కుళాయి ఒక్కటే పూర్తిగా తిప్పి, రెండు మూడు నిమిషాలు థర్మామీటర్ పెట్టి చూడండి. తర్వాత అదే కుళాయిని సన్నటి ధారగా పెట్టి మళ్ళీ చూడండి.

రెండుసార్లూ వేడి నిలకడగా ఉంటే బాయిలర్ బాగానే ఉన్నట్టు. తేడా షవర్ మిక్సర్‌లోనే ఉంది, కొత్తది కొనుక్కోవచ్చు. ఇప్పటికే థర్మోస్టాటిక్ మిక్సర్ ఉంటే మొత్తం మార్చక్కర్లేదు, సున్నం పట్టిన కార్ట్రిడ్జ్ ఒక్కటి మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.

పూర్తిగా తిప్పినప్పుడు బాగుండి, సన్నటి ధారలో ఎగుడుదిగుడు అయితే? ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కాంబి బాయిలర్‌లో నిల్వ ట్యాంక్ ఉండదు, పారే నీటిని అప్పటికప్పుడు కాస్తుంది. మంట తగ్గించుకోగలదు, కానీ దానికీ ఒక కనీస హద్దు ఉంటుంది. ఆ హద్దు 7 కిలోవాట్లు అనుకుందాం. నిమిషానికి 3 లీటర్లే పారితే ఆ కనీస మంటకే నీళ్ళు సుమారు 33 డిగ్రీలు వేడెక్కుతాయి. లోపలికి వచ్చే నీళ్ళు 15 డిగ్రీలుంటే 48 దగ్గర ఆగుతుంది. వేసవిలో 25 ఉంటే 58కి పోతుంది. మీరు పెట్టిన సెట్టింగ్ దాటగానే బాయిలర్ మంట ఆపేస్తుంది, చల్లబడ్డాక మళ్ళీ వెలిగిస్తుంది. షవర్‌లో మీకు తెలిసేది ఈ ఆగడం, వెలగడమే. చలికాలంలో లేని ఇబ్బంది ఎండాకాలంలో మొదలైతే నా మొదటి అనుమానం దీని మీదే.

దీనికి మందు ఉచితం. బాయిలర్‌లో వేడినీళ్ళ సెట్టింగ్ 55లో ఉంటే 48, 50 మధ్యకి దించండి. అప్పుడు షవర్‌కి వేడినీళ్ళు ఎక్కువ కావాలి, బాయిలర్‌లో ప్రవాహం పెరుగుతుంది, మంట ఆగి ఆగి వెలగడం తగ్గొచ్చు. మరీ 42కి దించకండి. థర్మోస్టాటిక్ మిక్సర్ సరిగ్గా పనిచేయాలంటే వచ్చే వేడినీళ్ళు, మీకు కావలసిన వేడి కంటే కనీసం 10 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. నీటి ఆదా షవర్ హెడ్స్ కూడా ఈ సమస్యను పెంచుతాయి. ఉంటే తీసేసి ఒకసారి చూడండి.

కుళాయి పూర్తిగా తిప్పినా వేడి ఊగిసలాడుతోందంటే అది బాయిలర్ లోపలి పని. కుళాయి నీళ్ళకి వేడి అందించే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లో సున్నం పేరుకుని ఉండొచ్చు, టెంపరేచర్ సెన్సర్ పోయి ఉండొచ్చు. షవర్ నడుస్తుంటే రేడియేటర్లు కూడా వేడెక్కుతున్నాయా? అలాగైతే వేడిని కుళాయిలకో రేడియేటర్లకో మళ్ళించే డైవర్టర్ వాల్వ్ ఇరుక్కుందేమో చూడమనండి. ఇవన్నీ లైసెన్స్ ఉన్న గ్యాస్ ఇంజనీర్ చేయాల్సినవే, దయచేసి బాయిలర్ కవర్ మీరు విప్పకండి.

అన్నట్టు, బాయిలర్ ముందున్న ప్రెషర్ మీటర్ చూసి చాలామంది టెన్షన్ పడతారు. అది రేడియేటర్లలో తిరిగే నీటి ఒత్తిడి, షవర్‌కి వచ్చే నీళ్ళది కాదు. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉంటే చాలు.

ఇక నా రేటింగ్. మిక్సర్‌కి 5కి 4 ఇస్తాను. ఇంట్లో ఇంకో కుళాయి తిప్పినప్పుడే మీ షవర్ వేడి మారుతుంటే నిశ్చింతగా కొనండి. ఇంట్లో ఇంకే కుళాయీ తిప్పకపోయినా మారుతుంటే మాత్రం ముందు సెట్టింగ్ దించి చూడండి. అప్పటికీ ఇబ్బంది తీరకపోతే ఇంజనీర్‌ని పిలిచి, సన్నటి ధారలో ఎంత వేడి వచ్చిందో, పూర్తి ధారలో ఎంత వచ్చిందో రెండు అంకెలూ చెప్పండి. ఆయన పని సగం తేలికవుతుంది.