గనిలో ఆడవాళ్లు: బొగ్గు టబ్బు నుంచి ముగ్గురాయి తట్ట దాకా

(తెర మీద: బేతంచెర్ల దగ్గర బండల గని. పొరలు పొరలుగా నాపరాయి.)

కడప, కర్నూలు, అనంతపురం నేలల్లో బొగ్గు లేదు. బొగ్గు ఒకప్పటి చెట్ల నుంచి తయారైంది. కడప రాళ్లు నేల మీద చెట్లు పుట్టకముందే ఏర్పడ్డాయి. మరి బొగ్గు గనుల్లో ఆడవాళ్ల చరిత్ర మనకెందుకు? మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనిలోనైనా, బేతంచెర్ల బండల గనిలోనైనా ఆడమనిషి ఏ వేళ పనిచేయాలి, ఎక్కడికి దిగకూడదు అన్న నిబంధనలకు మూలం బొగ్గు గనులే.

(తెర మీద: ఇరుకు సొరంగం, మోకాళ్ల మీద పాకుతూ బండి లాగుతున్న స్త్రీ రేఖాచిత్రం.)

ముందు బ్రిటన్ చూద్దాం. అక్కడ బొగ్గు పొర పలచగా ఉన్నచోట మనిషి నిలబడే ఎత్తు ఉండేది కాదు. నడుముకు తోలు పట్టీ, దానికి గొలుసు, గొలుసు కొసన బొగ్గు బండి. ఆ గొలుసు రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయేది. ఆడవాళ్లు, పిల్లలు నాలుగు కాళ్ల మీద పాకుతూ లాగేవాళ్లు. స్కాట్లాండ్‌లోనైతే 50 కిలోలకు పైబడిన బొగ్గును వీపు బుట్టలో వేసుకుని నిచ్చెనలెక్కేవాళ్లు.

1838 జూలై 4న ఇంగ్లండ్‌లోని సిల్క్‌స్టోన్ దగ్గర హస్కర్ గనిలోకి వాననీళ్లు చొరబడి 26 మంది పిల్లలు చనిపోయారు. అందులో 11 మంది ఆడపిల్లలు. తర్వాత విచారణ సంఘం వేశారు. దాని నివేదికలోని బొమ్మలు చూసి దేశం ఉలిక్కిపడింది. 1842లో చట్టం వచ్చింది: ఆడవాళ్లెవరూ, పదేళ్లు నిండని మగపిల్లలూ భూగర్భంలోకి దిగకూడదు. పోయిన కూలికి బదులు మాత్రం ఏమీ చూపలేదు. మా ఉద్దేశంలో అసలు అన్యాయం అక్కడే జరిగింది. కొందరు మగ దుస్తులు వేసుకుని మళ్లీ గనిలోకే పోయారు. మిగతావాళ్లు గని పైన బొగ్గు ఏరే పనికి మళ్లారు.

(తెర మీద: ఝరియా, రాణిగంజ్ పటం.)

మన దేశంలో పని పద్ధతి వేరు. ఇప్పటి జార్ఖండ్‌లోని ఝరియా, బెంగాల్‌లోని రాణిగంజ్ బొగ్గు గనుల్లో మొగుడూ పెళ్లాం జోడీగా దిగేవాళ్లు. బొగ్గు కొట్టే మగమనిషిని మల్‌కట్టా అనేవాళ్లు. దాన్ని తట్టకెత్తి టబ్బులో, అంటే బొగ్గు బండిలో, నింపే ఆడమనిషిని కామిన్ అనేవాళ్లు. కూలి టబ్బు లెక్కన. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, ముందుకెళ్లాక మళ్లీ అవసరమవుతుంది: ఇద్దరి కష్టం కలిస్తే ఒక టబ్బు, ఒక లెక్క.

1929లో ఆడవాళ్లను భూగర్భం నుంచి మెల్లగా తప్పించే నిబంధనలు వచ్చాయి. బెంగాల్, బీహార్, సెంట్రల్ ప్రావిన్సుల బొగ్గు గనులకు పదేళ్ల గడువిచ్చారు. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పెట్టకూడదంటూ 45వ ఒడంబడిక చేసింది. దాంతో గడువు కుదించి 1937 అక్టోబరు నుంచే పూర్తి నిషేధం పెట్టారు. టబ్బు నింపే చేతులు పోయాయి. మల్‌కట్టా తానే నింపుకుంటే రోజుకు టబ్బులు తగ్గుతాయి, వేరే మనిషిని పెట్టుకుంటే కూలి చీలుతుంది. ఎలా చూసినా పొయ్యి మీదికి వచ్చేది తగ్గింది.

రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక బొగ్గు చాలలేదు. 1943లో నిషేధం ఎత్తేశారు. అప్పుడు కార్మిక శాఖ అంబేడ్కర్ చేతిలో ఉంది. 1944 ఫిబ్రవరి 8న కేంద్ర శాసనసభలో ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూ, ఒకే పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి అన్న సూత్రం ఒక పరిశ్రమలో నిలబడటం ఇదే మొదటిసారని చెప్పారు. 1946 ఫిబ్రవరిలో నిషేధం తిరిగొచ్చింది.

1952 గనుల చట్టం, సెక్షన్ 46 దాన్నే కొనసాగించింది. భూగర్భం వద్దు. పైన పనైతే ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే. అనంతపురం వైపు రామగిరి బంగారు గనికీ ఇదే వర్తించింది. 2019 జనవరి 29 ఉత్తర్వుతో తలుపు కొంచెం తెరుచుకుంది. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటిపూట భూగర్భంలోకి దిగొచ్చన్నారు. రాతపూర్వక సమ్మతి ఉండాలి, షిఫ్టులో కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి అన్నది అప్పటి షరతు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ అన్ని రకాల పనుల్లోనూ ఆడవాళ్లను పెట్టుకోవచ్చంటోంది. రాత్రి పనికి మాత్రం వాళ్ల సమ్మతి తప్పనిసరి.

(తెర మీద: మంగంపేట ఓపెన్‌కాస్ట్, తట్ట, చుట్టకుదురు దగ్గరగా.)

ఇక మన దగ్గరికి వద్దాం. మన గనులు ఎక్కువగా ఓపెన్‌కాస్ట్, అంటే సొరంగం లేకుండా పైనుంచే తవ్వేవి. కాబట్టి భూగర్భ నిషేధం ఇక్కడి ఆడకూలీని ఆపలేదు. ఆమెకు వచ్చిన చిక్కులు వేరు. మొదటిది బరువు. నీళ్లతో పోలిస్తే ముగ్గురాయి బరువు సుమారు 4.2 రెట్లు, బొగ్గుది 1.3 రెట్లు. పది లీటర్లు పట్టే తట్టలో బొగ్గు ముక్కలైతే, మధ్యలో ఖాళీలు పోను, 8 కిలోల చుట్టూ తూగుతాయి. అదే తట్టలో ముగ్గురాయి పోస్తే పాతిక కిలోలు. కంటికి తట్ట అంతే కనిపిస్తుంది, మెడ మీద మూడింతలు పడుతుంది. తట్ట నిండిందా అని చూడకుండా తూకం చూసి నింపాలి.

రెండోది దుమ్ము. ఊపిరితిత్తుల లోతుకు పోయే రేణువులు 5 మైక్రాన్లకంటే చిన్నవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కొంగు అడ్డం పెట్టుకుంటే అవి ఆగవు. రాతిలో సిలికా ఉంటే ఏళ్లు గడిచాక సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, వచ్చాక తగ్గదు. డ్రిల్లింగ్ నీళ్లు పెట్టి చేయాలి, దారులు తడపాలి, సరైన మాస్కు ఇవ్వాలి.

మూడోది, మాకు అన్నిటికంటే బాధ కలిగించేది, టబ్బు లెక్క. మొగుడూ పెళ్లాం కలిసి బండలు తీసే చోట కూలి చదరపు అడుగుల లెక్కన మగమనిషి పేరు మీద పడితే, ఆమె పేరు రిజిస్టర్‌కే ఎక్కదు. అలాంటప్పుడు ప్రసూతి సెలవు అడగాలంటే కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసినట్టు చూపాలి, చూపడానికి కాగితం ఉండదు. సిలికోసిస్ బయటపడితే ఏ గనిలో ఎన్నేళ్లు పనిచేసిందో తేలదు.

అందుకే పనిలో చేరే రోజే అడగాల్సినవి: రిజిస్టర్‌లో తన పేరు, కూలి తన ఖాతాలోకి, చేరకముందు వైద్య పరీక్ష. ఆ పరీక్షలో తీసిన ఛాతీ ఎక్స్‌రే నకలు ఇంట్లో పెట్టుకోవాలి. తర్వాత కూడా గడువు ప్రకారం పరీక్షలు చేస్తారు. అప్పటి ఎక్స్‌రేను మొదటిదాని పక్కన పెట్టి చూస్తేనే ఊపిరితిత్తుల్లో వచ్చిన మార్పు డాక్టరుకు తెలుస్తుంది.